ఆ మధ్యాహ్నం సారు అక్కడ లేరు

మా హెడ్మాస్టరు సారు పోయినారు. పెనుకొండలో, ఆదివారం పొద్దున, కాఫీ చల్లారిపోయింది రవంత వేడి చేసి ఇయ్యమని పెద్దమ్మతో చెప్పి, ఆమె గ్లాసు పట్టుకొని వంటింట్లోంచి వచ్చేలోపలే. సారు భార్యను మేమందరమూ పెద్దమ్మ అనే పిలుస్తాం.

సంగతి నాకు హిందూపురంలో, మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. సారు ఫోటో ఒకటి, దాని కింద ఒక వాక్యం: "సంతకం కోసం వచ్చినవారిని ఏనాడూ వెనక్కి పంపని మహానుభావుడు." దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మూడోనాడు పెనుకొండలో పెట్టిన సంతాప సభలో అదే వాక్యం ఫ్లెక్సీ మీదికి ఎక్కింది. మాట్లాడినవాళ్ళందరూ దాన్నే తిప్పి తిప్పి చెప్పినారు. ఏడవాల్సిన చోట నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా దిగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎందుకంటే మా సారు జీవితంలో చివరి మూడేండ్లు ఒకే ఒక్క సంతకాన్ని వెనక్కి తీసుకోవడానికి ఖర్చయినాయి. ఆ సంతకం మీద ఒక మనిషికి గంజాయి కేసులో పదేండ్ల శిక్ష పడింది. అప్పుడు అతను జైల్లో ఉన్నాడు, అతని అప్పీలు పైకోర్టులో ఉండింది, ఆ అప్పీలు నిలబడేది పడిపోయేది సారు నోటిమీద ఉండింది. సభలో ఈ మాట ఎవరూ ఎత్తలేదు. చనిపోయిన మనిషి గురించి మంచే చెప్పాలంటారు కదా. సారు చేసిన మంచి అదేనని వాళ్ళకు తోచలేదేమో.

హైస్కూలు హెడ్మాస్టరంటే గెజిటెడ్ ఆఫీసరు. జిరాక్సు కాపీ మీద ఆయన ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి ముద్ర వేస్తే ఆ కాగితానికి విలువ వస్తుంది. ఆదివారం పొద్దున సారు ఇంటి వసారాలో నిలబడడానికి చోటు ఉండేది కాదు. రొద్దం నుంచి, గోరంట్ల నుంచి కూడా వచ్చేవాళ్ళు. అవ్వ పింఛనుకు, పిల్లల స్కాలర్‌షిప్పుకు, బ్యాంకు లోనుకు. సారు ఉగ్గాని తిన్న చెయ్యి కడుక్కొని, పంచెకు తుడుచుకొని, తొడమీద పరీక్ష అట్ట పెట్టుకొని మొదలుపెట్టేవారు. ఒక్కో సంతకం మీద ఉఫ్‌మని ఊదేవారు. ముద్రలో "అసలుతో సరిచూడబడినది" అని ఉండేది. అసలు కాగితం ఎవరూ చూపించేవాళ్ళు కారు. సారూ అడిగేవారు కారు.

"ఏమబ్బా, ఈ ఫోటో నీదా, మీ నాయనదా?"

"నాదే సార్, మీసం తీసేసినా."

"మీసం తీసేస్తే మీ పెండ్లాము గూడా అటెస్టేషన్ అడుగుతాది చూడు."

అందరూ నవ్వుతుండగానే పని అయిపోయేది. ఎవరైనా మొహమాటపడి, శ్రమ ఇస్తున్నాం సార్ అంటే, "సంతకానికి ఏం పోతాది లేప్పా, రవంత సిరా" అనేవారు. ఆ మాట మా ఊర్లో సామెత మాదిరి తిరిగింది.

నేను ఎం.ఏ.లో చేరడానికి అనంతపురం పోవాల్సిన పొద్దున, సర్టిఫికెట్ల కాపీలు ఒక్కటీ అటెస్టేషన్ కాలేదని బస్టాండులో తెలిసింది. మా నాయన సైకిలెక్కి పోయి సారును వెనక కూర్చోబెట్టుకొని తెచ్చినాడు. బస్సు ఇంజను మీద కాగితాలు పరిచి సారు సంతకాలు మొదలుపెట్టినారు. కండక్టరు విసుక్కున్నాడు, టైమయితాండాది సార్ అని. "ఉండప్పా, ఒక ఆడపిల్ల చదువుకోను పోతాంటే నీ బస్సుకు రెండు నిమిషాలు బరువా?" అన్నారు సారు. ఇరవై నాలుగు కాగితాలు. ఆ ఇరవై నాలుగింట్లో ఒక్కటి కూడా ఆయన చదవలేదు. నేను ఈరోజు ఒక కాలేజీలో పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నది ఆ చదవని సంతకాల పుణ్యమే. కాబట్టి ఆ అలవాటును తప్పు పట్టే హక్కు నాకు ఎంతవరకు ఉందో నాకే తెలియదు. మంచితనానికి, అజాగ్రత్తకు నడుమ గీత ఎక్కడ గీయాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

దాదాపు ఆరేండ్ల కిందట ఒక సాయంత్రం సారు ఇంటికి ఒక ఎస్సై వచ్చినాడు. సారు దగ్గరే చదువుకున్నవాడు. అతని పేరు, స్టేషను పేరు ఇక్కడ రాయను. కాళ్ళకు దండం పెట్టి, పెద్దమ్మ ఇచ్చిన బొరుగులు తిని, కాఫీ తాగి, ఫైలు తీసినాడు.

"సార్, గంజాయి కేసు. మధ్యవర్తుల రిపోర్టులో మీ సంతకం ఒకటి కావాల. మీరైతే ఇంక తిరుగుండదు."

పోలీసులు ఎవరినైనా సోదా చేసేటప్పుడు బయటి మనుషులు ఇద్దరు పక్కన నిలబడి, జరిగింది కండ్లతో చూసి, కాగితం మీద సంతకం పెట్టాలి. దాన్నే మధ్యవర్తుల రిపోర్టు అంటారు. ప్రభుత్వ ఉద్యోగి అయితే కోర్టులో మాట మార్చడని పోలీసులకు ధీమా. రిపోర్టులో ఏముందంటే, ఆరోజు మధ్యాహ్నం మూడు గంటలకు హైవే పక్కన బాబయ్య అనే అతని గూడ్సు ఆటోను ఆపినామని, పట్టుగూళ్ళ బుట్టల కింద రెండు సంచుల్లో ఇరవై రెండు కిలోల గంజాయి దొరికిందని, దాన్ని మధ్యవర్తుల ఎదురుగానే తూకం వేసి సీలు వేసినామని. ఆ మూడు గంటలకు సారు ధర్మవరంలో, హెడ్మాస్టర్ల శిక్షణలో కూర్చొని ఉన్నారు. ఇంటికొచ్చి ఇంకా చొక్కా కూడా మార్చుకోలేదు. పెన్ను జేబులోనే ఉంది. పెట్టినారు. ఉఫ్‌మని ఊదినారు.

గంజాయి ఇరవై కిలోలు దాటితే శిక్ష పదేండ్లకు తగ్గదు. బెయిలు కూడా దాదాపుగా రాదు. ఇది నేను తర్వాత తెలుసుకున్నాను. సారూ అంతే.

మా పక్క బాబయ్య పేరు హిందువుల ఇండ్లలోనూ ఉంటుంది, ముస్లింల ఇండ్లలోనూ ఉంటుంది. ఈ బాబయ్య రొద్దం పక్క పల్లెలో ఒక ముస్లిం కుటుంబంవాడు. అప్పటికి ముప్పై రెండేండ్లు, ఇంట్లో ఒక చంటిబిడ్డ. రైతుల దగ్గర పట్టుగూళ్ళు ఎత్తుకొని హిందూపురం మార్కెట్టుకు చేరవేసే పని. హైవే మీద మామూలు ఇయ్యనని ఒక కానిస్టేబులుతో రెండుసార్లు తగవు పడినాడని, ఆ సంచులు ఎవరో బస్సులో వదిలేసి పారిపోయినవని అతను చెప్పుకుంటాడు. నిజానిజాలు నాకు తెలియవు. నేను అక్కడ లేను. సారూ లేరు. తేడా ఏమంటే, నేను ఉన్నానని ఎవరూ రాయలేదు.

రెండేండ్లకు కేసు విచారణకు వచ్చింది. సారు రిటైరు కావడానికి ఇంకా రెండు నెలలు. ఆ శిష్యుడు మళ్ళీ వచ్చినాడు, ఈసారి సీఐగా.

"కోర్టులో ఒక్క పది నిమిషాల పని సార్. ఆడ లేను అన్యారనుకో, దొంగ రిపోర్టు ఇచ్చినారని మీ మీదే కేసయితాది. పెన్షన్ ఫైలు కదిలే టైములో ఎందుకు సార్ మీకు? వాడు పక్కా ముద్దాయి. మీరేం బాధపడొద్దు."

సారు బోనెక్కి, ప్రమాణం చేసి, ఉన్నాను అన్నారు. చూసినాను అన్నారు. సంతకం నాదే అన్నారు. మా అందరికీ అబద్ధం ఆడితే అరచేతిలో స్కేలుతో కొట్టిన మనిషి. "నా మనసుకు గూడా అటెస్టేషన్ చేసేసుకున్యానమ్మా, అసలు చూడకుండా" అని నాతో తర్వాత అన్నారు. నేను దీన్ని చిన్నది చేసి రాయదలచుకోలేదు. ఒక మనిషి జైలు పాలయింది సారు భయపడినందుకు.

శిక్ష పడిన మూడు నెలలకు, ఒక ఆదివారం, బాబయ్య భార్య షమీం సారు ఇంటికి వచ్చింది. రిటైరయినాక సారు సంతకం చెల్లదు. అయినా జనం రావడం మానలేదు. అర్జీలు రాయించుకోవడానికి, ఫారాలు నింపించుకోవడానికి వచ్చేవాళ్ళు. ఆమె కూడా వాళ్ళ వరసలోనే నిలబడింది. తన వంతు వచ్చినాక ఒక కాగితాల కట్ట అట్ట మీద పెట్టింది. ఆ మాటలు పెద్దమ్మ నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

"సార్, ఇది జిరాక్సు. అటెస్టేషన్ చేయండి."

"నేను రిటైరయినా కదమ్మా. నా సంతకం ఇప్పుడు చెల్లదు."

"చెల్లుతాది సార్. మీ సంతకం బాగా చెల్లుతాది. మా ఇంట్లో పదేండ్లకు చెల్లింది."

ఆమె గొంతు పెంచలేదు. "చేయకపోయినా పర్లేదు. ఒకసారి చదవండి సార్. ఎప్పుడూ చదవరంట గదా" అని కట్ట అక్కడే వదిలి మెట్లు దిగి పోయిందంట.

అది తీర్పు కాపీ. సారు ఆరోజు చదివినారు. మధ్యాహ్నం దాకా చదువుతూనే ఉంటే, నిలబడినవాళ్ళు ఒక్కొక్కరే తమ కాగితాలు చంకలో పెట్టుకొని వెళ్ళిపోయినారంట. తీర్పులో సారు గురించి ఒక పేరా ఉంది. ఈ సాక్షి గౌరవనీయుడైన ప్రధానోపాధ్యాయుడని, ముద్దాయి మీద పగ లేనివాడని, అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏ కోశానా లేనివాడని. ఆయన మంచి పేరునే తాడుగా పేని ఒకని మెడకు వేసినారు.

మరుసటిరోజు నాకు ఫోను చేసి, కోర్టుకు పోయి నేను అక్కడ లేనని చెప్పేస్తానమ్మా అని, రమ్మన్నారు. నేను పోతూనే, వద్దు అనే చెప్పినాను. ఇది దాచుకోవడం న్యాయం కాదు. చదువుకున్నదాన్ని, పుస్తకాల్లో న్యాయం గురించి పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, ఆయన ముందు కూర్చొని, "సార్, అతను నిజంగానే తెచ్చినాడేమో? మీరు అక్కడ లేనంతమాత్రాన గంజాయి లేదని కాదు కదా" అన్నాను.

సారు నన్ను చూసినారు. ఎనిమిదో తరగతిలో లెక్క తప్పు చేస్తే చూసే చూపు.

"అది నాకు తెల్దమ్మా. నాకు తెలిసింది ఒకటే. నేను ఆడ లేను. వాడు దొంగే అయితే నిజంతో పట్టుకోమను. నా అబద్ధంతో పట్టుకుంటే, వాడు దొంగో నేను దొంగో ఎవరు చెప్తారు?"



పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడి, "ఊరందరి కాగితాలూ చదవకుండా గీకి పారేసినావు. ఇప్పుడు కూర్చొని నీ తలరాత చదువుకో" అని కోపంగా అనింది. అంటూనే కండ్లు తుడుచుకొని, మాకిద్దరికీ కాఫీ పెట్టింది. ఆమెను తప్పు పట్టలేను. పోయేది ఆమె పెన్షన్ కూడా.

హిందూపురంలో నాకు తెలిసిన ఒక వకీలమ్మ ఉంది. ఆమె దగ్గరికి తీసుకొనిపోయినాను. ఆమె మెత్తగా చెప్పలేదు. "సార్, ఒకసారి ప్రమాణం చేసి అబద్ధం చెప్పినానని మళ్ళీ ప్రమాణం చేసి చెప్పబోతున్నారు. అప్పీల్లో కొత్త సాక్ష్యం తీసుకోవడమే అరుదు. తీసుకున్నా, మీ ఒట్టి మాట ఎవరూ నమ్మరు. మీ మీద కేసు మాత్రం నమ్మకంగా పడుతుంది. మీరు అక్కడ లేరనడానికి ఏదైనా కాగితం ఉందా?"

సారు, "ధర్మవరంలో హాజరు పట్టీ ఉంటాది. మధ్యాహ్నం గూడా సంతకం పెట్టించుకున్యారు" అన్నారు.

అదే ఆయన అలవాటు ఆయనకు చేసిన ఒకే ఒక్క ఉపకారం. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టే చెయ్యి, ఆరోజు రెండు చోట్ల పెట్టింది.

పెనుకొండలో ప్యాసింజరు ఎక్కి ధర్మవరం పోయినాం, ఒకసారి కాదు, నాలుగుసార్లు. శిక్షణ జరిగిన బడిలో గుమాస్తా మంచివాడే, బద్ధకస్తుడు. చెదలు తినింటాయి సార్ అని ఒకసారి, బీరువా తాళం లేదని ఒకసారి. నాలుగోసారి సారు అక్కడే బెంచీ మీద కూర్చొని, "నాకు పనేం లేదప్పా, రిటైరయినా. సాయంత్రం దాకా ఉంటా, రేపు గూడా వస్తా" అన్నారు. గుమాస్తా తలగోక్కుంటూ బీరువా తెరిచినాడు. దుమ్ములో రిజిస్టరు దొరికింది. మధ్యాహ్నం రెండున్నర నుంచి అయిదు వరకు జరిగిన తరగతి, దానికి ఎదురుగా ఆకుపచ్చ సంతకం. సంగతి విన్నాక గుమాస్తా నోరు తెరిచి, "ఏం సార్ మీరు! అందరూ ఇరుక్కుంటే బయటపడేదానికి రిజిస్టర్లు వెతుకుతారు. మీరు బయట ఉండి ఇరుక్కునేదానికి వెతుకుతాండారే" అన్నాడు. సారు పకపక నవ్వినారు. ఆ మూడేండ్లలో ఆయన అట్ల నవ్వింది అదొక్కసారే అనుకుంటా.

పైకోర్టు ఆ రిజిస్టరును చూసి, సారు సాక్ష్యం మళ్ళీ తీసుకొని పంపమని కింది కోర్టుకు చెప్పింది. అంతవరకు రావడానికే ఏడాదిన్నర పట్టింది. వాయిదా, వాయిదా, వాయిదా. ప్రతి వాయిదా ఒక మనిషి వయసులోంచి కోసుకుంటున్నారని ఎవరికీ పట్టనట్టే ఉండేది. ఈలోపల ఊర్లో మాటలు మొదలైనాయి. గంజాయి వాళ్ళు సారుకు దుడ్లు ఇచ్చినారని. ముసలితనంలో మతి తప్పిందని. నిన్నటిదాకా ఆ వసారాలో నిలబడి పనులు చేయించుకున్నవాళ్ళే ఆ మాటలు అన్నది. ఆదివారాలు వసారా ఖాళీ అయింది. పోలీసు కేసులో తిరిగే మనిషి ఇంటికి పోవడమెందుకని. ఆ ఖాళీ వసారాలోనే తర్వాత ఫ్లెక్సీ కట్టినారు.

సాక్ష్యం రోజు నేను కోర్టులో ఉన్నాను. ప్రభుత్వ వకీలు గట్టిగానే అడిగినాడు. అది అతని పని.

"అప్పుడు ప్రమాణం చేసి అబద్ధం చెప్పినానంటున్నారు. ఇప్పుడు నిజం చెప్తున్నారని కోర్టు ఎందుకు నమ్మాలి?"

సారు బోనులో కమ్మీ పట్టుకొని నిలబడినారు.

"నన్ను నమ్మొద్దండి. రిజిస్టరును నమ్మండి. నన్ను నమ్మినందుకే ఆయప్ప జైల్లో ఉండేది."

"ఈ మాట చెప్పడానికి ఎంత తీసుకున్నారు?"

"ఆ షమీం బిడ్డ కాడ జైలుకు పోయేదానికి బస్సు చార్జీలే లేవు. ఇచ్చేదానికి యాడుంటాయి?"

వెనక బెంచీలో షమీం ఉంది. తల ఎత్తలేదు. బయటికి వచ్చినాక సారు ఆమె దగ్గరికి పోయి ఏదో అనబోయినారు. ఆమె కొంగు సర్దుకొని, "టైమయింది, బస్సుకు పోవాల" అని వెళ్ళిపోయింది. సారు అక్కడే చెప్పుల్లో కాళ్ళు పెట్టలేక తడుముకుంటూ ఉంటే, నేను వంగి చెప్పులు సరిచేసినాను.

మరో ఏడాదికి తీర్పు వచ్చింది. మధ్యవర్తి అక్కడ లేడని తేలినాక సోదా జరిగిందనే కథే నిలబడదని, శిక్ష కొట్టేసినారు. బాబయ్య బయటికి వచ్చినాడు, అయిదేండ్లు దాటినాక. పేపర్లో మూడు లైన్లు వేసినారు, సాంకేతిక కారణాలతో విడుదల అని. నాకు ఆ మాట చూస్తే ఒళ్ళు మండింది. మనిషి లేని చోట ఉన్నాడని రాయడం సాంకేతిక కారణమా? ఒక బిడ్డకు తండ్రిని అయిదేండ్లు లేకుండా చేయడం సాంకేతిక కారణమా? ఆ అయిదేండ్లకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. పట్టుకున్న ఆటో ఇప్పటికీ స్టేషను ఆవరణలో తుప్పు పడుతూ ఉంది. దాన్ని విడిపించుకోవడానికి వేరే అర్జీ పెట్టుకోవాలంట, వేరే వాయిదాలంట.

ఇక సంతకం పెట్టించుకున్న ఆ శిష్యుడికి ఏమయింది? ఏమీ కాలేదు. ఇంకో మెట్టు పైకి పోయినాడు. నోటీసు వచ్చింది ఒక్క సారుకే, తప్పుడు సాక్ష్యం చెప్పినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని. ఆ కథలో అబద్ధం రాసినవాళ్ళు, రాయించినవాళ్ళు, కండ్లు మూసుకొని ఒప్పుకున్నవాళ్ళు ఇంతమంది ఉంటే, శిక్షకు దొరికింది నిజం ఒప్పుకున్న ఒక్క మనిషి. నేను ఆవేశపడితే సారు, "అది నాకు రావాల్సిందే కదమ్మా. నోటీసు ఇంకా నలుగురికి రావాల, అది వేరే సంగతి" అన్నారు. ఆ నోటీసును మాత్రం మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివి, అప్పుడు అందినట్టు సంతకం పెట్టినారు. రెండో వాయిదాకు ముందే పోయినారు.

బాబయ్యను చూడడానికి సారు ఎప్పుడూ పోలేదు. పోదాం రండి సార్ అని నేను అడిగినాను. "ఏ మొకం పెట్టుకోని పోవాలమ్మా? పోతే ఆయప్ప నన్ను ఓదార్చాల్సి వస్తాది. అది గూడా నా కోసమేనా?" అన్నారు.

సంతాప సభకు ఆ శిష్యుడు వచ్చినాడు. పెద్ద పూలదండ. సారు ఫోటోకు వేసి, చేతులు కట్టుకొని, సారు నాకు అక్షరం నేర్పినారు, విలువలు నేర్పినారు అని మాట్లాడినాడు. కండ్లు తుడుచుకున్నాడు కూడా. అది నటన అని నేను చెప్పలేను, అందుకే ఇంకా భయం వేసింది. నేను లేచి నిలబడాల్సింది. లేవలేదు. పెద్దమ్మ బాధపడుతుందని అనుకున్నాను. ఆ సాకు ఎంత తొందరగా దొరికిందో! సభ అయినాక పెద్దమ్మే నన్ను పక్కకు పిలిచి, "నువ్వన్నా నోరు తెరుస్తావనుకుంటి" అనింది.

ఆ వారం చివర నేను రొద్దం పక్కనున్న ఆ పల్లెకు పోయినాను. బాబయ్యను నేను దగ్గరగా చూడడం అదే మొదలు. ఎవరిదో మల్బరీ తోటలో ఆకు కోస్తున్నాడు. గడ్డం నెరిసింది. నేను పెనుకొండ హెడ్మాస్టరు సారు శిష్యురాలినని చెప్పినాను.

"తెలుసు మేడం. ధర్మవరం తిరిగింటిరంట గదా మీరిద్దరూ. షమీం చెప్పింది."

"సారు పోయినారు."

కొడవలి ఆగలేదు. "ఎప్పుడు?"

"పోయిన ఆదివారం."

"బాధపడినాడా?"

"లేదు. కూర్చున్నచోటే."

"మేలు" అన్నాడు. ఇంకొక పిడికెడు ఆకు కోసి గంపలో వేసినాడు. నేను కదలలేదు. ఏదో ఒక మాట ఇతని నోటినుంచి వింటే, దాన్ని తీసుకొనిపోయి పెద్దమ్మకు ఇద్దామని వచ్చినాను. అతనికి అది అర్థమైంది.

"మీరు నాతో ఏం అనిపించుకోని పోదామని వచ్చినారో తెలుసు మేడం. ఆయప్ప నిజం చెప్పినాడు, కాదనను. చెప్పకపోయింటే ఇంగా అయిదేండ్లు ఆడే. అబద్ధం చెప్పింది గూడా ఆయప్పే. నేను యాడికి పోవాల చెప్పండి. నా బిడ్డ నన్ను ఆయప్ప అంటాది. వచ్చి ఇన్ని నెలలయింది, అబ్బా అని నాయనను పిలిచినట్టు పిలిచేదానికి ఇంగా నోరు తిరగలేదు."



"పురుగులు ఆకలితో ఉండాయి" అని గంప ఎత్తుకున్నాడు. తోట చివర పట్టుపురుగుల షెడ్డు ఉంది. గడప దగ్గర బ్లీచింగ్ నీళ్ళ తొట్టి. నేను బయటే నిలబడితే, వెనక్కి తిరిగి చూసి, "ఎండలో ఎందుకు? కాళ్ళు చేతులు కడుక్కోని లోపలికి రాండి" అన్నాడు.

కడుక్కొని పోయినాను. లోపల చీకటిగా, చల్లగా ఉంది. అతను తట్ట తర్వాత తట్టగా ఆకు పరుస్తూ పోయినాడు, ఒక్క పురుగూ నలగకుండా, చేతిని గాలిలోనే తిప్పుతూ. కాసేపటికి ఒక మూలనుంచి, తర్వాత షెడ్డంతా, వేలవేల పురుగులు ఆకు కొరికే చప్పుడు లేచింది, మా పక్క ఎప్పుడోగాని పడని సన్నటి వాన మాదిరిగా. అతను ఖాళీ గంప పట్టుకొని ఆ చప్పుడు వింటూ నిలబడినాడు. నేనూ నిలబడినాను.